పదకొండు వేల చొక్కాలు

చొక్కాకు పది రూపాయలు.
పట్టుచీరకు అరవై, బేరమాడితే యాభై.
బెళ్ళందూరులో మా ఇస్త్రీ బండి కింద
బొగ్గుల బస్తాకు ఆనించిన నోటుబుక్కులో
రూపాయల్లో రాయడం మానేసినాను.

మొదటి ఏడాది ఫీజు
పదకొండు వేల రెండొందల చొక్కాలు.
హాస్టలు వద్దు, రెండు బస్సులు మారి పోతాను,
పాసుకు నూట ఎనభై.
ల్యాబు కోటు, డ్రాఫ్టరు, పరీక్ష రుసుము
కలిపి ఏడొందల చిల్లర.
పుస్తకాలు సీనియర్ల దగ్గర సగానికి.

అమ్మ నా భుజం మీదుగా చూసి
"ఇన్ని చొక్కాలు ఊరంతట్లో ఉండాయా?" అనింది.
ఉండాయమ్మా. ఏడు టవర్లు, టవరుకు పద్నాలుగు అంతస్తులు.
వాళ్ళే ఇంట్లో కూర్చుని పనిచేయడం మొదలుపెట్టి
చొక్కాలు వేసుకునేది తగ్గించినారు.

నాయిన చీటీ సంగతి ఎత్తినాడు.
ఇరవై మంది, నెలకు రెండు వేలు.
ఇప్పుడే పాడితే తొమ్మిది వేలు పోతాయి,
ఆగితే సీటు పోతుంది.
తొమ్మిది వేలంటే తొమ్మిదొందల చొక్కాలు,
అంటే పది దినాలు నిలబడిన అమ్మ కాళ్ళు.
అది మాత్రం రాయలేదు.
నోటుబుక్కులో కాళ్ళకు గడి లేదు.

బ్యాంకులో ఆయమ్మ కన్నడంలో అడిగింది,
నేను కన్నడంలో చెప్పినాను,
నాయిన తెలుగులో తల ఊపినాడు.
అప్పు చదువైనాక కడితే చాలంట,
వడ్డీ మాత్రం ఇచ్చిన దినం నుంచే నడుస్తుందంట.
"నడవనీ" అన్నాడు బయటికొచ్చినాక,
బస్సు ఖర్చు మిగిలించడానికి
మేమిద్దరమూ నడుస్తా ఉన్నప్పుడు.

స్కాలర్‌షిప్పుకు ఇక్కడ ఏడేళ్ళు చదివిన రుజువు కావాల.
నాకు ఆరు దొరికినాయి.
వర్తూరులో మూడు, పదో తరగతి హరళూరులో,
పీయూసీ రెండూ మారతహళ్ళిలో.
కదిరిలో అవ్వ దగ్గర చదివిన రెండేళ్ళు లెక్కకు రావు.
మిగిలింది నాలుగో తరగతి.
అది కూలోళ్ళ పిల్లలకని వేసిన రేకుల షెడ్డు.
ఆ షెడ్డు ఎక్కడుండేదో నాకు బాగా తెలుసు,
ఇప్పుడక్కడ ఐదో టవరు ఈతకొలను.
నాయిన పాలిష్ పట్టిన రాయే దాని చుట్టూ.
నీళ్ళను సర్టిఫికెట్ అడగలేం గదా.

షమీమ్ మిస్సును వెతికేదానికి తొమ్మిది దినాలు.
మడివాళలో చంటిపిల్లలను చూసుకుంటా ఉంది.
ఒకణ్ణి చంకనేసుకునే
బిస్కెట్ల డబ్బాలోంచి హాజరు పట్టీ తీసింది.
"ముప్పై ఒక్కమంది. ఎవరో ఒకరు అడగతారని ఉంచినా."
నా వరస మీద వేలు పెట్టి
"ఇరవై మూడు దినాలు రాలేదే నువ్వు, హేమావతీ?"
"అమ్మవారు పోసింది మిస్."
ఎనిమిదేళ్ళ తర్వాత కూడా భయంగానే చెప్పినాను.

విద్యాశాఖ ఆఫీసులో ఆ పట్టీని తిప్పి తిప్పి చూసినారు,
ఎలక కొట్టిన మూలను కూడా.
మంగళవారం రమ్మన్నారు.
మంగళవారం అయిపోయింది.
ఇంకో మంగళవారం ఉంది.

చివరి పేజీలో వేరే దారి రాసిపెట్టినాను:
ముందు సర్కారు పాలిటెక్నిక్కులో డిప్లొమా,
ఆ తర్వాత నేరుగా ఇంజనీరింగు రెండో ఏడాదిలోకి.
ఒక ఏడాది ఎక్కువ పడుతుంది,
చొక్కాలు సగానికి సగం తగ్గుతాయి.
చిన్న దారి కాదు, తక్కువ దారీ కాదు,
కానీ అమ్మ మొగం చిన్నబోతుందని దాచినాను.
అమ్మకు అంకెలొచ్చు, అక్షరాలు రావు.
అందుకే ఆ పేజీ అంతా అక్షరాల్లోనే,
వేలు, వందలు, ఏళ్ళు, అన్నీ.

నిన్న సాయంత్రం
బి బ్లాకు మూటలు కడుతూ అనింది:
"ఆ కడాపటి పేజీలో ఒక్క అంకె గూడా లేదు.
నాకు తెలీకూడని లెక్కేమో, చదువు, వింటా."

సగం ఇస్త్రీ అయిన చొక్కా బల్ల మీదుంది,
ఒక చెయ్యి నున్నగా, ఒక చెయ్యి ముడతలుగా.
ఇస్త్రీపెట్టె ఎత్తి పక్కకు నిలబెట్టి,
మసి చేతులు పావడాకు తుడుచుకుని,
చదవడం మొదలుపెట్టినాను.